ఆరూ నలభై, రెండో మిషను

ఇది హోటల్‌గా ఉన్న రోజుల్లో ఈ గదిలోనే
పెళ్ళి విందుల టేబుల్ గుడ్డలు ఉతికేదాన్ని.
వైన్ మరకకి ఉప్పు,
కొవ్వొత్తి మైనానికి ఇస్త్రీ కింద కాగితం,
లిప్‌స్టిక్‌కి మాత్రం ఓపిక.

ఇప్పుడు హోటల్ పేరు మీద తెల్లరంగు పూశారు.
వాన పడ్డప్పుడల్లా, అంటే ఐర్లండ్ పడమటి తీరంలో రోజూ,
పాత అక్షరాలు కిందనుంచి తేలి వస్తాయి.

నూట నలభై ఆరుగురు. మూడు మిషన్లు.
మూడోది ఫిబ్రవరి నుంచీ నోరు తెరుచుకునే ఉంది.
మెకానిక్ వస్తాడని కంపెనీ అంది,
కంపెనీతో కౌంటీ అంది,
కౌంటీతో ఎవరన్నారో ఆ కాగితం ఇంకా రాలేదు.

అందుకని జాబితా.
తలుపు మీద నేను గీసిన గళ్ళు, గడికి నలభై నిమిషాలు.
లెతెబ్రహాన్ ఆరూ నలభై.
ఓతార్ ఏడూ ఇరవై.
జల్మయ్ ఎనిమిది. తన పేరు కుడినుంచి ఓసారి,
నాకోసం ఎడమనుంచి ఇంకోసారి రాస్తాడు.

మనుషులు దాచింది బట్టలు దాచవు.
సితెంబిలెకి ఒకటే కోటు, నీలంది, ఆఫీసుది.
వారం వారం ఉతుక్కుంటుంది.
రెండేళ్ళలో అది తొడుక్కుని ఎక్కడికీ వెళ్ళగా చూళ్ళేదు.
ఓతార్ చొక్కాల్లో వేగిన ఉల్లిపాయ వాసన.
గదుల్లో వంట నిషేధం,
బీరువాలో ఎక్కడో ఒక చిన్న కాయిల్ ఉండుంటుంది.
మంగళవారం తనిఖీకి ముందు
ఆ చొక్కాల్ని రెండుసార్లు జాడిస్తాను. అడగను.

కిటికీల్లో బట్టలు ఆరేయరాదు.
ఆ నోటీసు టైపు చేసింది నేనే.
ఊరివాళ్ళు ఫిర్యాదు చేశారు, బీచ్ అందం పోతోందని.
సముద్రం మీంచి ఇంత గాలి
ఊరికే పోతూ ఉంటుంది.

ఆ గురువారం రాత్రి ఫింటన్ నా చేతికో కవరిచ్చాడు,
రెండువందల పద్నాలుగు తలుపు కిందనుంచి తోయమని.
గొంతు కోయడానికి తడిగుడ్డే అక్కర్లేదు,
పొడి కాగితం చాలు.
'దయచేసి' అని మొదలవుతుంది.
రేపు ఏడింటికి బస్సు. మనిషికి రెండు సంచులు.
తోశాను. నేనే తోశాను.

అయినా పొద్దున ఆరూ నలభైకి వచ్చింది లెతెబ్రహాన్,
అలవాటో, మొండితనమో,
మురికి బట్టలతో కొత్తచోటికి పోకూడదనో.
పక్కనే సోలియానా, స్కూలు బ్యాగుతో.
బస్సు అయిదు నిమిషాలు ముందే వచ్చింది.
లోపల నీళ్ళుండగా మిషను తలుపు తెరుచుకోదు.
గుండ్రటి అద్దానికి అరచెయ్యి ఆనించి నిలబడింది.
అవతల తన తెల్ల నెట్సెలా తిరుగుతోంది, తిరుగుతోంది.
హారన్.
"ఉంచు" అంది నాతో. ఒక్క మాట.

ఏడూ ఇరవైకి తలుపు టక్కుమంది.
పరాయివాళ్ళ తడిబట్టలు ముట్టుకోవడమంటే
ఇక్కడ కొట్లాటే.
ఓతార్ ఒక్కోటే తీశాడు, విదిల్చాడు,
నెట్సెలా, పిల్ల స్వెట్టరు,
అయిదు మేజోళ్ళు.
ఆరోదాని కోసం ఇద్దరం మిషను లోపల చేతులు పెట్టి వెతికాం.

డ్రయ్యర్‌లో వెయ్యలేదు.
మాస్టర్ తాళంతో రెండువందల పద్నాలుగు తెరిచి
కిటికీకి తాడు కట్టాను.
అంచు రంగులతో ఆ గుడ్డ
బీచ్ మీదికి బారెడు ఎగిరింది.
మధ్యాహ్నానికల్లా ఎవరో ఫోన్ చేశారు.
ఏమిటవి, అన్నాడు ఫింటన్.
ఆరుతున్నాయి, అన్నాను.

ఆమెని పంపిన ఊరు పేరు చెప్పలేదు, రూలట.
మడతపెట్టిన పొట్లం
ఉప్పు డబ్బా పక్కన, పై అరలో ఉంది.

నిన్న పొద్దున జల్మయ్ ముందే వచ్చాడు,
సంచి ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు.
రెండోది ఖాళీయే కదా, వేసుకో, అన్నాను.
తలుపు మీద గడి చూపించాడు.
పేరుంది, అన్నాడు.
ఎనిమిదిదాకా కూర్చున్నాం ఇద్దరం.
మూడోది ఇంకా బాగవలేదు.